నాలుగో బెంచీ

గుండె ఆపరేషనైన నెలకి, డాక్టరు నడవమన్నాడని మా బామ్మర్ది నన్ను కొండదారికి తీసుకెళ్ళాడు. కొండంటే కొండా అది! అరమైలు దారి, నూరడుగులకో బెంచీ, మొదట్లోనే "చిన్నపిల్లలు కూడా ఎక్కవచ్చు" అని బోర్డు. వీడేమో నెల్లాళ్ళ యాత్రకి బయల్దేరినట్టు వీపున ఇంత సంచీ తగిలించుకున్నాడు.

మొదటి బెంచీ దగ్గరే చతికిలబడ్డాడు. "కాళ్ళు పీకేస్తున్నాయి బావా, ఒక్క నిమిషం."

"రోజూ కరెంటు స్తంభాలెక్కే లైన్‌మన్‌వి, సిగ్గులేదట్రా? ఆపరేషన్ నీకా, నాకా?"

రెండో బెంచీ దగ్గరా అదే పాట, మూడో దాని దగ్గరా అదే. పక్కన కూలబడి, ఆయాసపడుతూనే వాణ్ణి తిట్టిపోశాను.

అక్కడ వాడు కుళాయి దగ్గరికి నీళ్ళకి వెళ్ళాడు. ఇదే అదనని నాలుగు రాళ్ళు ఏరి, వాడి సంచీలో వేద్దామని జిప్పు లాగాను. లోపల నా మాత్రలు, నా స్వెట్టరు, మా ఆవిడ రాసిన చీటీ.

"తమ్ముడూ, ప్రతి బెంచీ దగ్గరా ఆగు. నొప్పి నీకేనని చెప్పు. లేకపోతే మీ బావ చచ్చినా కూర్చోరు."

రాళ్ళు పొదల్లోకి విసిరేసి, జిప్పు ఎప్పట్లా మూసేశాను.

నాలుగో బెంచీ రాగానే ముందు నేనే అన్నాను.

"కూర్చోరా దద్దమ్మా. పాపం, నీ కాళ్ళు పీకుతుంటాయి."