ఊదు సాయెబు

గడప దాటి ఊదు పొగ లోపలికి రాగానే విమల గుండె గుభేలుమంది.

ఊదు సాయెబు వచ్చాడు.

లాల్‌దర్వాజా గల్లీల్లో ఆ ముసలాయన్ని ఎరగనివాళ్లు లేరు. గురువారం గురువారం దుకాణాలకు పొగ వేసి, ఇచ్చింది పుచ్చుకుని పోతాడు. దుకాణం ముందు నిలబడితే శుభం. ఇంటి గడప మీద కూర్చుంటే మాత్రం కీడే. పోయిన నెల దర్జీ మల్లన్న ఇంటి ముందు కూర్చున్నాడు. మూడో రోజుకు మల్లన్న లేడు.

ఇవాళ గురువారం కూడా కాదు.

లోపల మంచం మీద విమల భర్త బాలనర్సింహ పడుకుని ఉన్నాడు. "ఇంటికి తీసుకుపొండి" అని నాలుగు రోజుల కిందటే డాక్టర్లు చెప్పారు. నయమైంది కాబట్టే అన్నారని విమల తనకు తాను సర్దిచెప్పుకుంది. భయపడ్డ మనిషికి ఆ మాత్రం అబద్ధం కావాలి.

"ఎవలు పిలిచిన్రు నిన్ను?" అంది.

"ఎవ్వరు పిలువలే బేటీ. భాయ్ ఎట్లున్నడు?"

"మంచిగనే ఉన్నడు. నువ్వు పో."

సాయెబు పోలేదు. నిప్పుల కుండ పక్కన పెట్టి గడప మీద కూలబడ్డాడు.

"పని గిని ఇడిసిపెట్టి ఆయన పక్కన కూసో బేటీ. ఇయ్యాలనే కూసో."

ఆ 'ఇయ్యాల' విమలకు శాపంలా తగిలింది. చెంబెడు నీళ్లు తెచ్చి నిప్పుల మీద గుమ్మరించింది. పొగకు ముసలాయన కళ్లు మండాయి. తుడుచుకుంటూ లేచి, కుండ తీసుకుని వెళ్లిపోయాడు.

విమల లోపలికొచ్చింది.

"ఎవలే?" అన్నాడు బాలనర్సింహ.

"ఎవల్లేరు."

"జర కూసో విమలా. దుకాణం దుకాణమనుకుంట ఇరవై ఆరేండ్లు పోయినయ్. నీ ముఖం సక్కగ చూడనే లే."

ఇన్నేళ్లలో అతను ఇలా అడగడం ఇదే మొదలు. విమల ప్రాణం లాగింది. కూర్చుందామనే అనుకుంది. కానీ కీడు అప్పటికే గడప దాటి ఉంటే?

"అమ్మోరి కాడికి పోయి దిష్టి తీయించుకొస్త. నువ్వు లేసి తిరిగినంక రోజంత నీ ముంగటనే కూసుంట."

అతను ఆమె కొంగు పట్టుకున్నాడు. ఆ పట్టులో బలం లేదు. మెల్లగా విడిపించుకుని, పక్కింటి బీరయ్యను కాస్త చూస్తుండమని చెప్పి పరుగెత్తింది.

గుడి దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. తన వంతు వచ్చేసరికి గంట దాటింది.

తిరిగొచ్చేసరికి బీరయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అతని ముఖం చూడగానే విమలకు అర్థమైంది.

"నిన్నే పిలిచిండు బిడ్డా. రెండుసార్లు."

గడప దగ్గర తడిసిన బూడిద మీద ఆమె చూపు పడింది.

"గా సాయెబే తెచ్చిండు గీ చావు."

బీరయ్య తల అడ్డంగా ఊపాడు.

"కాదు బిడ్డా. డాక్టర్లు ఆశ ఇడిసి ఇంటికి పంపినోళ్లు ఎవలున్నరో అడిగి తెలుసుకొని, ఆళ్లింటికే పోతడు ఆయన. కూసోమని చెప్పనీకే పోతడు."

"ఆయనకేం పని?"

బీరయ్య గొంతు తగ్గించాడు.

"పెండ్లాం పక్కన కూసోమని పిలుస్తుంటె, దువా చేయించుకొస్తనని దర్గాకు ఉరికి, వచ్చేసరికి ఆమెను పోగొట్టుకున్నోడు బిడ్డా ఆయన."