దిగమన్న చోటు

ఇక్కడే అనుకుని భీమరాజు కారు ఆపాడు. ఇలా అనుకుని ఆపడం ఇది మూడోసారి.

దిగి చూశాడు. రోడ్డుకి ఇటూ ఇసుకే, అటూ ఇసుకే. ఓ ముళ్లపొద ఉంది. గంట క్రితం ఆపినచోట కూడా ముళ్లపొద ఉంది. ఇదీ అదీ ఒకటేనో కాదో ఒట్టేసి చెప్పలేడు.

"దుర్గా," అని పిలిచాడు. కాసేపాగి, "హారతీ," అన్నాడు.

గొంతు ఎంత పెంచినా గాలి దాన్ని పది గజాలు పోనివ్వలేదు. మే నెల, మిట్టమధ్యాహ్నం. చెప్పుల్లోంచి వేడి పాదాలకి తగులుతోంది. వచ్చి మళ్లీ కార్లో కూర్చున్నాడు.

పెళ్లాన్నీ కూతుర్నీ నడిరోడ్డు మీద దింపేసి పోవడం ఎవరికైనా ఘోరంగానే ఉంటుంది. భీమరాజుకి మాత్రం అలవాటు. కారు నడుపుతుండగా కోపం వస్తే ఆయన నోట్లోంచి వచ్చే మాట ఒకటే, దిగు. రామచంద్రపురం చుట్టుపక్కల శ్రీదుర్గ దిగని రోడ్డు లేదు. కాలవ లాకుల దగ్గర దిగింది, యానాం రోడ్డులో రైసు మిల్లు ముందు దిగింది, ఓసారి పట్టుచీర కట్టుకుని పెళ్లి భోజనానికి వెళ్తూ వరిచేల మధ్య దిగింది. ఆయన వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. చూడాల్సిన అవసరమూ రాలేదు. అయిదు నిమిషాల్లో ఏ ఆటోనో వచ్చేది, లేదా తెలిసినవాళ్ల బండి ఆగేది. ఈ మహానుభావుడు కోపం చల్లారేదాకా తిరిగి తిరిగి ఇంటికొచ్చేసరికి, ఆవిడ కాళ్లు కడుక్కుని గుమ్మంలో కూర్చుని ఉండేది.

"ఇంత ఆలస్యమైందేంటండీ?" అని అడిగేది. అంతే, గొడవ అక్కడితో సరి. చుట్టాలందరికీ ఇదో నవ్వులాట. భీమరాజు కూడా నవ్వేవాడు.

హారతి ఇంజనీరింగ్ పరీక్షలు అయిపోయాయని ముగ్గురూ రాజస్థాన్ వచ్చారు. ఎండాకాలంలో ఎడారేంటని ఊళ్లో నలుగురూ అన్నారు. అన్నారు కాబట్టే వచ్చాడు. కారు అద్దెకి తీసుకుని, డ్రైవరు అక్కర్లేదన్నాడు. హారతి పక్కసీట్లో కూర్చుని ఫోన్లో మ్యాపు చూసి దారి చెబుతూ వచ్చింది. ఈ ఉదయం ఏదో పాత కోట చూద్దామని హోటల్లోంచి బయల్దేరారు. ఒకచోట పిల్ల ఎడమకి అంటే, ఈయన కుడికి తిప్పాడు.

"దారి తెలీదని ఒప్పుకుంటే ఏం పోద్దండీ?" అంది వెనకసీట్లోంచి శ్రీదుర్గ.

హారతి ముసిముసిగా నవ్వింది. ఆ నవ్వే కొంప ముంచింది.

"దిగు," అన్నాడు భీమరాజు.

శ్రీదుర్గ కొంగు నెత్తిన కప్పుకుని దిగింది. అమ్మ దిగితే నేనూ దిగుతానని హారతి కూడా దిగి, తలుపు ధడాలున వేసింది. భీమరాజు అద్దంలోకైనా చూడకుండా పోనిచ్చాడు.

అరగంట పోయాక గానీ ఆయనకి తట్టలేదు. ఇంత దూరం వచ్చాడు, ఎదురుగా ఒక్క ఆటో రాలేదు. ఆటో మాట దేవుడెరుగు, మనిషే కనపడలేదు.

వెంటనే వెనక్కి తిప్పాడు. తన ఊరివైపు అయితే చర్చి దాటాక అనో, ఐసు ఫ్యాక్టరీకి ఇవతల అనో కళ్లు మూసుకుని చెప్పగలడు. ఇక్కడ దేన్ని గుర్తు పెట్టుకోవాలి? వచ్చేటప్పుడు దారి ఎక్కడా చీలినట్టు లేదు. తిరిగి వస్తుంటే రెండుచోట్ల చీలింది. ఇసుక కమ్మేసి ఏది రోడ్డో ఏది కాదో తెలియడం లేదు. తన ఫోన్లో సిగ్నల్ లేదు. మ్యాపు హారతి ఫోన్లో ఉండిపోయింది.

గేరు పక్కన నీళ్ల సీసా ఒకటి ఉంది, సగానికి పైగా నీళ్లతో. దిగేటప్పుడు వాళ్ల చేతుల్లో సీసా లేదని అప్పుడు గుర్తొచ్చింది. నాలుక పిడచగట్టుకుపోతున్నా ఆయన దాని మూత తియ్యలేదు. పిల్లకి సగం, దుర్గకి సగం. ఇంకెప్పుడూ ఆ మాట అననని పిల్ల ఎదుటే చెప్పాలనుకున్నాడు.

మళ్లీ బయల్దేరాడు. చాలాసేపటికి దూరంగా రెండు ఆకారాలు కనిపించాయి, ఒకటి పొడుగ్గా, ఒకటి కాస్త పొట్టిగా. ప్రాణం లేచొచ్చింది. హారను కొడుతూ రోడ్డు దిగి, అడ్డంగా ఇసుకలోకి పోనిచ్చాడు.

దగ్గరికెళ్లి చూస్తే రెండు ఎండు మోళ్లు. వెనక్కి తిప్పబోతే చక్రాలు దిగబడ్డాయి. ఎంత తొక్కితే అంత లోతుకి పోయాయి. కాసేపటికి ఇంజన్ కూడా ఆగిపోయింది.

పొద్దు వాలుతోంది. ఎండ మాత్రం తగ్గలేదు. ఇంకా కూర్చుంటే వాళ్లేమైపోతారోనని ఆయన కారు దిగాడు. నీళ్లు వేడెక్కకుండా సీసాని తువ్వాల్లో చుట్టి గుండెలకి పెట్టుకుని, దుర్గా, హారతీ అని పిలుస్తూ, రోడ్డు ఉందనుకున్న వైపుకి నడక మొదలుపెట్టాడు.

దింపిన పావుగంటకే పక్కదారిలోంచి వచ్చిన పాలవ్యాను ఎక్కేసిన శ్రీదుర్గ, కూతురితో సహా ఎప్పటిలాగే ఆయనకంటే ముందు హోటలు చేరుకుని, "ఇంత ఆలస్యమైందేంటండీ?" అని అడగడానికి గుమ్మంలో కూర్చుని ఇవాళ్టికి నాలుగో రోజు.