మ్యాప్‌లో లేని నర్సరీ

యూనివర్సిటీలో అంబులెన్స్‌తో సహా డ్రైవర్ లేని బండ్లన్నీ మ్యాప్ చూపిన చోటికే వెళ్తాయి. కొత్త భవనం కోసమని పోయిన నెల పాత నర్సరీని మ్యాప్‌లోంచి తీసేశారు. మొక్కలు మాత్రం అక్కడే ఉన్నాయని తోటమాలి పోశెట్టి రోజూ నీళ్లు పెడుతున్నాడు. ఆ మధ్యాహ్నం అతన్ని అక్కడే పాము కరిచింది.

“అంబులెన్స్ పంపు బిడ్డా!” పక్కనే ఉన్న భార్య నర్సవ్వ కంట్రోల్ రూముకు ఫోన్ చేసింది.

“ఆడికి దారే చూపిస్తలేదమ్మా. ఎంత జేసినా బండి కదుల్తలేదు. ఎట్లనన్న రోడ్డు మీదికి తీసుకరా,” అంది అవతలి అమ్మాయి, ఏడుపు గొంతుతో.

నర్సవ్వ మొగుణ్ని వీపున వేసుకుని, మట్టికుప్పల మీదుగా పడుతూ లేస్తూ రోడ్డెక్కింది. రెండు నిమిషాల్లో అంబులెన్స్ వచ్చి తలుపు తెరిచింది. అప్పటికే పోశెట్టి ఒళ్లు చల్లబడింది.

“బండొచ్చిందా అమ్మా?” ఫోన్లో అమ్మాయి ఆత్రంగా అడిగింది.

“వచ్చింది బిడ్డా,” అంది నర్సవ్వ. “మనిషే లేడు.”