గలగలా మాట్లాడే అమ్మమ్మ

చెంచాతో కాఫీ కప్పు మీద టకటక కొట్టి సిండ్రే లేచి నిలబడ్డాడు. అక్కడి పద్ధతిలో అంత్యక్రియలయ్యాక అందరూ కలిసి తాగే కాఫీల దగ్గర ఎవరైనా లేచి రెండు మాటలు చెప్పొచ్చు. అడగకుండానే కొడుకు లేచినందుకు తల్లి తురిడ్‌కు గర్వంగా అనిపించింది.

"పక్షవాతం వచ్చాక కూడా అమ్మమ్మ ఏం మారలేదు. ఎప్పట్లాగే గలగలా మాట్లాడేది. ఎక్కడా తడబడేది కాదు."



"నీతో ఎప్పుడు మాట్లాడింది బాబూ? ఓస్లో నుంచి నువ్వు రానేలేదుగా," అంది బోర్గ్‌హిల్డ్. వృద్ధాశ్రమంలో అమ్మమ్మ పక్క గది ఆవిడదే.

"ప్రతి ఆదివారం వాయిస్ మెసేజ్ పెట్టేది కదా."

"తెలుసు. ఫోను పట్టుకున్నది నేనే. నీ పేరు పలకడానికే గుక్క తిప్పుకునేది. ఆ నాలుగు మాటల కోసం పొద్దున్నుంచీ కూర్చుని సాధన చేసేది."

సిండ్రేకు ఏమీ అర్థం కాలేదు. అర్థమైంది తురిడ్‌కు.

"ఏ స్పీడులో విన్నావురా?"

"రెండింతల్లో. అందరం అలాగే వింటాం కదమ్మా. మామూలుగా వింటే నిద్రొస్తుంది."

తురిడ్ వాడి ఫోను లాక్కుని, చివరి మెసేజ్‌ను అసలు వేగంలో పెట్టి బల్ల మీద ఉంచింది.

"సిం..." అంది అమ్మమ్మ గొంతు. చాలాసేపు ఊపిరి మాత్రమే వినబడింది. "...డ్రే." మళ్లీ ఊపిరి. "నా... బం..."

సిండ్రే కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. అవి తుడుచుకునేలోపే వాడి బొటనవేలు తనంతట తానే వెళ్లి స్పీడు పెంచేసింది.

అమ్మమ్మ గలగలా మాట్లాడింది.