కల్లం కాళ్లు

"బేసిను వదులు ప్రేమలతా!"

"నువ్వే వదులక్కా. ఏటా నీకేనా?"

చర్చి వరండాలో స్టీలు బేసిను ఒక అంచు ప్రిస్కిల్లా చేతిలో ఉంది, రెండో అంచు ప్రేమలత చేతిలో. తెల్లవారితే మంచి శుక్రవారం. యేసుప్రభువు శిష్యుల కాళ్లు కడిగింది ఈ గురువారమే గనక, సాయంత్రం ఆరాధనలో సంఘం ఆడవాళ్ల కాళ్లు ఒకరు కడగాలి. ఆ ఒకరు ఎవరన్నదే తగువు. ఈస్టరు పండగ అయ్యాక వచ్చే ఆదివారం స్త్రీల సమాజానికి ప్రెసిడెంటు ఎన్నిక ఉంది. ఇప్పటి ప్రెసిడెంటు ప్రిస్కిల్లా, పోటీకి నిలబడింది ప్రేమలత. అందరి ముందూ వంగి కాళ్లు కడిగినామెకే ఓటుకి చేతులు లేస్తాయని ఇద్దరికీ తెలుసు.

గొడవ విని పాస్టరుగారు బయటికొచ్చారు.

"ఏందమ్మా ఇది? తగ్గించుకోవడానిక్కూడా తన్నుకోవాలా?"

"నేను తగ్గినంతగా ఈ ఊళ్లో ఎవరు తగ్గారో చెప్పమనండి అయ్యగారూ," అంది ప్రిస్కిల్లా, తలెగరేసి.

"ఆహా, చానా తగ్గావులే! పోయినేడు నువ్వు కడిగింది ఎవరి కాళ్లు? నీ ఆడబిడ్డవీ, నీ తోడికోడలివీ. ఇంటికాడే సబ్బేసి తోముకొని, పౌడరు చల్లుకొని వచ్చారు. ఆ కాళ్లకి నీళ్లు దండగ," అంది ప్రేమలత.

వరండా అంతా కిసుక్కుమంది. ప్రిస్కిల్లాకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"అట్టాగా? అయితే విను. ఈసారి మన సంఘంలో మిరపకల్లాల్లో పనిచేసే ఆడోళ్ల కాళ్లు కడుగుతా. ముందే కడుక్కొని వస్తే ఒప్పుకోను. దుమ్ముతో ఎట్టా వస్తే అట్టానే కూచోవాల. సరేనా?"

"అక్కా, కల్లం కాళ్లంటే..."

"ఏం, అప్పుడే దడుపు పుట్టిందా?"

పాస్టరుగారు బేసిను ప్రిస్కిల్లాకీ, తువాలు ప్రేమలతకీ ఇచ్చి, "నువ్వు కడుగమ్మా, నువ్వు తుడువు," అని తగువు తీర్చారు.

పొద్దుగూకే వేళకి రాజుపాలెం కల్లాల నుంచి ఆటో వచ్చింది. పొద్దస్తమానం ఎండుమిరపకాయల్లో తిరుగుతూ రంగుపోయిన తాలుకాయలు ఏరిన ఆడవాళ్లు వచ్చి ముందు బెంచీ నిండా కూచున్నారు. చీలమండల దాకా ఎర్రటి దుమ్ము. మొదట్లోనే ఉన్న సువార్తమ్మ కాళ్లు వెనక్కి లాక్కుంది.

"ఒక్క నిమిషం ఆగక్కా, కడుక్కొస్తా."

"నోర్మూసుకొని కూచోవే! నీకు సేవ చేస్తున్నానిక్కడ."

పాట మొదలైంది. ప్రిస్కిల్లా మోకాళ్ల మీద కూచుని, సువార్తమ్మ కాళ్లు వేళ్ల సందులతో సహా రుద్ది కడిగింది. పక్కామెవీ అట్టాగే కడిగింది. వెనక్కి తిరిగి జనం చూస్తున్నారో లేదో కూడా చూసుకుంది. చూస్తున్నారు. ఉక్కపోతకి చెమట కనుబొమల మీదుగా జారింది. తడి చేత్తో తుడుచుకుంది.

అంతే. కళ్లలో నిప్పులు పోసినట్టయింది.

చేతులు భగ్గుమన్నాయి. కళ్ల వెంట నీళ్లు ధారలు కట్టాయి. ముక్కు కూడా కారడం మొదలెట్టింది.

"అయ్యో, చూడండే, ఎట్టా ఏడుస్తుందో తల్లి!" అంది వెనక ఎవరో.

"ఎంత దీనమనసు!" అని ఇంకెవరో ముక్కు చీదారు. పాస్టరుగారు ఉత్సాహం పట్టలేక పాట గొంతు పెంచారు.

ప్రిస్కిల్లాకి లేచి నీళ్లతొట్టిలో తల ముంచాలనిపించింది. కానీ లేస్తే బేసిను ప్రేమలతకి పోతుంది. కోడిపిల్ల కోసం చూసే గద్దలాగా వెనకే నిలబడి ఉంది మరి. కళ్లు గట్టిగా మూసుకుని, 'ప్రభువా, ఈ మంటన్నా తగ్గించు, నా ప్రాణమన్నా తీసుకో. ప్రేమలత ముందు మాత్రం పరువు తియ్యొద్దు,' అని వేడుకుంది.

తడుముకుంటూ పక్కకి జరిగింది. మూడో ఆమె కాళ్లు అందడానికి కొంచెం ఆలస్యమైంది. అందాక చల్లగా తగిలాయి. ఆ తర్వాతామెవీ చల్లగానే. బెంచీ చివరికి జరిగేకొద్దీ చేతుల్లో మంట తగ్గుతూ వచ్చింది. ప్రిస్కిల్లాకి ఒళ్లు జలదరించింది. ఆమె చేసిన ప్రార్థన ఇంత తొందరగా ఏనాడూ ఫలించలేదు.

ఆరాధన చివర్లో సాక్ష్యం చెప్పడానికి లేచింది. కళ్లు వాచి పండు టమాటాల్లా ఉన్నాయి.

"సంఘమా, మొదట్లో నా చేతులు పొయ్యిలో పెట్టినట్టు మండాయి. ప్రార్థన చేశాను. చేసీ చెయ్యకముందే ఆ కాళ్లు చల్లబడ్డాయి. ఇది అద్భుతం కాకపోతే ఏంది?"

కన్నీళ్ల సంగతి మాత్రం ఎత్తలేదు. అనుకునేవాళ్లని అనుకోనిచ్చింది.

"స్తోత్రం!" అంది సంఘం. అందరికంటే గట్టిగా ప్రేమలతే అంది. ఓటమి ఒప్పుకున్నదని ప్రిస్కిల్లా లోలోపల మురిసిపోయింది.

అందరూ బయటికి నడిచాక చర్చి వెనక పంపు దగ్గర మొహం మీద నీళ్లు కొట్టుకుంటుంటే సువార్తమ్మ మంచినీళ్లకని వచ్చింది. ప్రిస్కిల్లా ఒక కన్ను కష్టపడి తెరిచింది.

"ఏమే సువార్తా, అంతా చూశావుగా? ఆదివారం చెయ్యి ఎవరికెత్తాలో ఇప్పటికన్నా తెలిసిందా?"

సువార్తమ్మ దోసిటితో నీళ్లు తాగి, చెంగుతో మూతి తుడుచుకుంది.

"తెలిసిందక్కా. నీ కళ్లు మూతపడంగానే మిగతావాళ్లందరికీ సైగ చేసి, చప్పుడు కాకుండా ఈ పంపు కాడికి పంపి, సబ్బేసి కాళ్లు కడుక్కురమ్మన్న ప్రేమలతక్కకి."