రోజువారీ సీసా

"ముందు వాసన సూసి సెప్పరా. మూడింట్లో ఏది బాగున్నాది?"

ధనరాజు మూడు గ్లాసుల్లో అడుగు తడిసేంత పోసి తమ్ముడి ముందుకి జరిపాడు.

"నాకెందుకన్నియ్యా ఇవన్నీ?" అన్నాడు హరిబాబు.

"నీ ముక్కులాటి ముక్కు కళింగపట్నంలోనే లేదురా. ఎండుసేపల తట్ట గుమ్మంలో దించగానే, లోపల్నించే మంచీ సెడ్డా సెప్పేవోడివి. రోజూ తాగడానికి పనికొచ్చేది ఒక్కటి ఏరిపెట్టు, సాలు."

హరిబాబుకి ఒళ్లు మండింది. రెండు కిడ్నీలూ పాడై శ్రీకాకుళంలో డయాలసిస్ మీద బతుకుతున్నాడు. మంచినీళ్లు కూడా కొలిచి తాగాలి. ఇంట్లోవాళ్లెవరైనా కిడ్నీ ఇస్తే తప్ప ఎంతోకాలం లాగలేడని డాక్టరు అన్న ఎదుటే చెప్పాడు. ఆ తర్వాత ధనరాజు ఆ ఊసే ఎత్తలేదు. పైగా విశాఖపట్నం తిరగడం మొదలుపెట్టి, వెళ్లినప్పుడల్లా ఓ విస్కీ సీసాతో దిగుతున్నాడు. నోరు తెరిచి అడుగుదామంటే హరిబాబుకి భయం. కాదంటే ఆ తర్వాత అన్న మొహం ఎలా చూడగలడు?

అయినా మొదటి గ్లాసు ఎత్తి, వెంటనే దించేశాడు. "ఆస్పత్రి వాసనొస్తంది."

"బార్లీకి పొగబెడతారంట. తీసెయ్. రోజూ ఆ వాసనేటి మనకి!"

రెండోది చూశాడు. "పంచదార పాకం. ఇంకేటీ లేదు."

మూడో గ్లాసు మాత్రం కాసేపు ముక్కు దగ్గరే ఉండిపోయింది. "జీడిమామిడి పండు. బాగా మాగినాది. ఎనకాల కాస్త తేనె."

ధనరాజు అందులో రెండు చుక్కలు నీళ్లు కలిపి, చప్పరించి, కళ్లు మూసుకున్నాడు. "అవున్రా, జీడిపండే! గొంతులో మంట కూడా లేదు. మూడింట్లోకీ సవకైనదీ ఇదే."

క్వార్టర్ బ్రాందీ ఎత్తిన సీసా దించకుండా తాగే మనిషి ఇంత నాజూకుగా చప్పరించడం హరిబాబు ఎన్నడూ చూడలేదు.

"బ్రాందీ ఏటైనాది?"

"మానేసినాను. ఇక మీదట సింగిల్ మాల్టే. ఒకే బట్టీలో, ఒట్టి బార్లీతో దించిన స్కాచి. అదీ ఓ మూతడు."

వదిన తులసి వేయించిన శనగల పళ్లెం పెట్టి, ఎవరివంకా చూడకుండా లోపలికెళ్లిపోయింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. మొగుడి తాగుడికి ఏడ్చిందనుకున్నాడు హరిబాబు. ఇక ఉండబట్టలేకపోయాడు.

"నాను సచ్చిపోతన్నానన్నియ్యా. నువ్వు రుసులు సూసుకుంటన్నావు. ఈడి గతేటని ఒక్కసారైనా ఆలోసించినావా?"

మొహం తిప్పుకున్నాడు. ధనరాజు మూడో సీసాకి మూత బిగించి, గ్లాసులన్నీ పక్కకి నెట్టేశాడు.

"వైజాగులో డాక్టర్లూ నీలాగే కేకలేసినారు. రేపట్నించి కొన్ని నెల్లు సుక్క ముట్టుకోకూడదంట. ఆ తరవాతైనా మూతడు దాటొద్దన్నారు."

హరిబాబు ఉలిక్కిపడ్డాడు. కోపం పోయి కంగారు పట్టుకుంది. "డాక్టర్లేటి? నీకేటైనాది?"

ధనరాజు తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు.

"మిగిలే ఒక్క కిడ్నీకి ఆపాటి మర్యాద సెయ్యాలి కదరా."