వెనక అద్దం

“తాడు లాగే ఆట ఒకప్పుడు ఒలింపిక్స్‌లో ఉండేది, తెలుసా?” కటింగ్ చేయించుకుంటూ అడిగాడు రిటైరైన మాస్టారు.

“తెలీదు సార్,” అన్నాడు సెలూన్ అతను.

“కొన్ని దేశాల్లో పళ్లు పీకింది మీ వృత్తివాళ్లే. అదీ తెలీదు. ఇన్ని తలకాయలు పట్టుకుంటావు, ఒక్కదాన్నుంచీ ఏమీ నేర్చుకోవు.”

ఏడాదిగా ఇదే గోల. బడిలో పిల్లలు వినని పాఠాలన్నీ ఈ కుర్చీలో ఒలకబోస్తున్నాడీ పెద్దమనిషి. కటింగయ్యాక వెనక అద్దం పట్టబోతే మాత్రం, “నా తల నాకు తెలీదా?” అని చెయ్యి విదిలిస్తాడు.

ఇవాళా విదిలించాడు. సెలూన్ అతను అద్దం దించలేదు.

“చెవి వెనక మచ్చ చూడండి.”

“పుట్టుమచ్చ. చిన్నప్పట్నుంచీ ఉంది.”

“పెరుగుతోంది సార్. మూడు నెలలుగా చెప్పబోతున్నాను, మీరు చెప్పనిస్తేగా. ఇవాళ దువ్వెన తగిలితేనే రక్తం వచ్చింది. డాక్టరుకు చూపించండి.”

మాస్టారు చెవి ముందుకు మడిచి అద్దంలోకి చూశాడు.

“ఇదివరకు ఎంతుండేది?” అన్నాడు గొంతు తగ్గించి.

జవాబు తనకు తెలియకుండా ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది.

“ఆవగింజంత,” అన్నాడతను. ఏడాదిగా కూడబెట్టుకున్న వెటకారం ఒక్కటీ నోటికి రాలేదు.